ఉత్తరపు అద్దం మీద చెమ్మ

ముప్పై ఏళ్లు ఏడో తరగతి పిల్లలకు ఒకే ప్రయోగం చేసి చూపించాను. గ్లాసులో చల్లటి నీళ్లు పోసి బల్ల మీద పెట్టడం, కాసేపు ఆగడం, గ్లాసు బయట చుక్కలు పట్టగానే "ఈ నీళ్లు ఎక్కడివి?" అని అడగడం. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "గ్లాసుకు చిల్లి పడ్డది టీచర్" అనేవారు. క్లాసంతా గొల్లుమనేది. నేనూ నవ్వి, గాలిలో కంటికి కనిపించని ఆవిరి ఉంటుందనీ, చల్లటి వస్తువు తగలగానే అది మళ్లీ నీళ్లవుతుందనీ చెప్పి బోర్డు మీద బొమ్మ గీసేదాన్ని. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. అంతకంటే తేలికైన పాఠం పుస్తకంలో లేదనుకునేదాన్ని.

ఉద్యోగం అయిపోయాక ఆ రెండు మార్కుల ప్రశ్న నా ఇంటికే వచ్చింది. నేను ఫెయిలయ్యాను. ఎట్లా ఫెయిలయ్యానో ఎవరితోనైనా చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది. నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మా ఆయన బస్సు డ్రైవరు. ఇబ్రహీంపట్నం నుంచి హయత్‌నగర్‌కు, అక్కడి నుంచి మళ్లీ వెనక్కి, పాతికేళ్లకు పైగా అదే రోడ్డు. మాకు పిల్లలు లేరు. ఆయన రిటైరయ్యాక చేతికొచ్చిన దానితో ఇంటి మీద ఇంకో అంతస్తు వేయడం మొదలుపెట్టాం. కొత్త స్లాబుకు పొద్దున్నే నీళ్లు కొట్టడానికి పైకెక్కిన మనిషి, ఇంకా రెయిలింగు పెట్టని మెట్ల మీద నుంచి జారి కింద పడ్డాడు. మెడ ఎముక దెబ్బతిన్నది. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు. చేతులు భుజం దాకా లేస్తాయి, వేళ్లు పట్టుకోవు. మాట ఒక్కటే మునుపటి కంటే పదునుగా మిగిలింది.

దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరు మూడు జాగ్రత్తలు చెప్పాడు. ఈయన ఒంటికి ఇక చెమట సరిగా పట్టదు, కాబట్టి వేడి తగలనివ్వొద్దు. వణుకు పుట్టదు, కాబట్టి చలి తగలనివ్వొద్దు. దగ్గు బలంగా రాదు, కాబట్టి ఛాతీ భద్రం. మొదటి రెండూ నేను నెత్తిన పెట్టుకున్నాను. మూడోది విన్నాను, అంతే.

రెండేళ్లు కింది ఇంట్లో నడిమి గదిలో పడుకోబెట్టాను. మా వాడకట్టులో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఆ గదికి కిటికీ లేదు. బస్సుల హారన్లు మాత్రం వినిపించేవి. ఆయన పైకి చూస్తూ పడుకుని, ఏ హారన్ ఏ బస్సుదో చెప్పేవాడు. ఒకరోజు నేను అన్నం తినిపిస్తుంటే నోరు పక్కకు తిప్పుకున్నాడు.

"టీచరమ్మా, నేను సచ్చేదాకా గీ ఫ్యానునే చూడాల్నా?" అన్నాడు.

ఆ మాటతో పైన అద్దాల గది కట్టించాలని గట్టిగా అనుకున్నాను. ఆగిపోయిన ఆ పై అంతస్తు మీద నిలబడితే ఉత్తరం దిక్కున మెయిన్ రోడ్డు, బస్సులు తిరిగే మలుపు, దాని వెనక పెద్దచెరువు గట్టు ఒక గీతంత కనిపిస్తాయి. ఆయనకు ఆ మలుపు కావాలి. నాకు ఆయన మొహం మళ్లీ మామూలుగా కావాలి. అంతకుమించి నేనేమీ కోరుకోలేదు.

అల్యూమినియం పని చేసే ఒకతను మా దగ్గరివాడే ఉన్నాడు. ఊళ్లో తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబం. నా దగ్గర ఏడో తరగతి చదివాడు, ఇప్పుడు నలభై దాటాయి. రావిర్యాల పక్క ఫ్యాక్టరీల్లో కూరగాయలూ మందులూ నిల్వ చేసే చల్లగదులు కట్టిన అనుభవం ఉంది. ఎండా చలీ రెండూ లోపలికి రాకూడదని చెప్పగానే అర్థం చేసుకున్నాడు. మూడు వైపులా రెండు పొరల అద్దం, నడుమ గాలి. పైకప్పుకూ నైరుతి మూలన ఉన్న గోడకూ నురుగు నింపిన మందపాటి రేకు పలకలు. ఎక్కడా సందు లేకుండా రబ్బరు, జిగురు. మేలో పని అయిపోయింది. మిట్టమధ్యాహ్నం తలుపు మూసి లోపల నిలబడితే బయటి ఎండ కంటికి కనిపిస్తుంది కానీ ఒంటికి తగలదు. ఇబ్రహీంపట్నం ఎండను అట్లా బయట నిలబెట్టినందుకు నాకు గర్వంగా అనిపించింది.

అతను వెళ్లేటప్పుడు రెండు రంధ్రాలు చూపించాడు. తలుపు పక్కన కింద ఒకటి, ఈశాన్యంలో. ఎదురు మూలన, నైరుతి గోడకు పైన, పళ్లెమంత గుండ్రటిది ఒకటి. దానికి చిన్న ఫ్యాను, బయటి నుంచి వాన పడకుండా మూత.

"టీచర్, గీ రెండు మాత్రం ఎప్పుడు మూయొద్దు. కిందికెల్లి మంచి గాలొస్తది, మీదికెల్లి ఆవిరి పోతది. గింత టైట్‌గ కట్టినంక గది దమ్ తీస్కోవాల్నంటే గిదే తొవ్వ," అన్నాడు. తర్వాత నవ్వాడు. "మీరే చెప్పిండ్రు గద, గ్లాసు బయట నీళ్లు యాడికెల్లి వస్తయో. నాకు ఇంకా యాదికుంది."

నలుగురు మనుషులు మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా మోసుకొచ్చారు. తల దక్షిణానికి, కాళ్లు ఉత్తరానికి పెట్టి మంచం వేశాం. తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టగానే రోడ్డు మొత్తం ఆయన ముందుకు వచ్చింది. ఆ మొదటి రెండు వారాలు మా ఇంట్లో మళ్లీ నవ్వులు వినిపించాయి. ఎవడు బస్సు ఎట్లా నడుపుతున్నాడో ఆయన మంచం మీద నుంచే తీర్పు చెప్పేవాడు. "సూడు సూడు, మలుపుల గేరు మారుస్తుండు. వీనికి లైసెన్సు ఇచ్చినోని కాళ్లు మొక్కాలె" అని తిట్టేవాడు. నేను చాయ్ పట్టుకుని పక్కన కూర్చుని ఆ తిట్లు వినేదాన్ని. గదిలో పచ్చగా ఉంటే బాగుంటుందని కుండీలు కూడా తెచ్చి పెట్టాను. తులసి, మల్లె, మనీప్లాంటు, ఇంకా పేరు తెలియనివి, మొత్తం ఇరవై దాకా.

అప్పుడు మా ఆడబిడ్డ వచ్చింది. ఆయన కంటే పదేళ్లు పెద్దది, తల్లి లేని తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమెను చెడ్డదని నేను ఎన్నడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆమె వెంట వాస్తు చూసే ఒకాయన వచ్చాడు. ఆయన ఫోన్‌లో దిక్సూచి పెట్టి గదంతా తిరిగి, నైరుతి మూలన పైన తిరుగుతున్న ఫ్యాను కింద ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపడానికి అర్థం మా వైపు అందరికీ తెలుసు. నైరుతి బరువుగా, మూసి ఉండాలి. అక్కడ రంధ్రం ఉంటే ఇంటి యజమానికి ముప్పు.

ఆమె నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది.

"ఓ పిల్లా, నైరుతిల బొక్క వెట్టిస్తవా? చదువుకున్నదానివి గద. మెట్లు తప్పు దిక్కున కట్టినప్పుడే చెప్పిన, వినలే. మా తమ్ముడు ఒక్కసారి వడ్డది సాలదా నీకు?"

నాకు వాస్తు మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు. కానీ నాకు భయం ఉంది. నమ్మకం లేకుండా కూడా భయం ఉంటుందని నేను ఆ మెట్ల దగ్గర తెలుసుకున్నాను. ఆయన పడినప్పటి నుంచి పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఆ మెట్ల వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. మెట్లు అక్కడ పెట్టమన్నది నేనే. స్థలం కలిసొస్తుందని. రెండోసారి కూడా ఆ చూపు నా మీద పడితే నేను బతకలేననిపించింది.

అద్దాల పని చేసినతనికి ఫోన్ చేశాను. "నేను మూయను టీచర్. ఫ్యాను ఇంకో దిక్కుకు పెడ్దమంటే అన్ని అద్దాలే. మీరు జర సోచాయించుండ్రి" అన్నాడు. నేను సోచాయించలేదు. మిగిలిపోయిన పలక ముక్క ఒకటి గుండ్రంగా కోసి, స్టూలెక్కి, ఫ్యాను తీసేసి, రంధ్రంలో దాన్ని దిగ్గొట్టి చుట్టూ తెల్ల జిగురు పూశాను. చేతులకు అంటిన జిగురు మూడు రోజులు పోలేదు.

"ఫ్యాను సప్పుడు వస్తలేదేంది?" అని మంచం మీద నుంచి అడిగాడు. అది ఆయన తల వెనక మూల, ఆయనకు కనిపించదు.

"ఖరాబైంది. చేపిస్త," అన్నాను.

మృగశిర వెళ్లి వానలు పడ్డాయి. మొదట అద్దాల కింది అంచున, ఫ్రేము పొడవునా సన్నగా తడి కనిపించింది. వాన నీళ్లు కారుతున్నాయేమో అనుకుని బయటి నుంచి జిగురు పూశాను. మర్నాడు ఇంకా ఎక్కువైంది. అద్దం రెండు పొరలదే కానీ, దాన్ని పట్టుకున్న అల్యూమినియం ఒంటి పొరది. ఇంత పెద్ద గదిలో చల్లగా దొరికిన చోటు వెతుక్కుని ఆవిరి అక్కడే చేరింది. ఏడో తరగతి పాఠం నా కళ్ల ముందు జరుగుతుంటే, నేను "గ్లాసుకు చిల్లి పడ్డది" అన్న పిల్లల్లాగా బయట జిగురు పూస్తూ కూర్చున్నాను.

ఆషాఢంలో ఆ రోడ్డు మీదుగా బోనాలు వెళ్లాయి. డప్పుల చప్పుడు దూరం నుంచి వినిపించగానే ఆయన దిండు ఎత్తించుకున్నాడు. నేను గబగబా ఉత్తరపు అద్దం తుడిచాను. తుడిచిన చోటు చూస్తుండగానే మళ్లీ తెల్లబడింది. ఆడవాళ్లూ, బోనం కుండలూ, వేపమండలూ ఏవీ ఆయనకు కనిపించలేదు. పసుపు రంగూ, ఎరుపు రంగూ అద్దం మీద ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మెల్లగా జరిగాయి. డప్పులు దూరమయ్యేదాకా ఆయన అటే చూశాడు.

అక్కడి నుంచి నాకు పట్టుదల పట్టింది. పిచ్చి అన్నా ఒప్పుకుంటాను. తేమ చూపించే చిన్న మీటరు తెప్పించి గోడకు తగిలించాను. పొద్దున లేవగానే దేవుడి మొహం కంటే ముందు దాని మొహం చూసేదాన్ని. గదిలోకి నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నాయో ఆలోచించాను. కుండీలకు పోసిన నీళ్లు ఎటు పోతున్నాయి? గాలిలోకి. ఆయనకు రోజూ వేడినీళ్లతో ఒళ్లు తుడుస్తాను, ఆ ఆవిరి ఎటు పోతుంది? వానకాలం బయట ఆరవని దుప్పట్లు తెచ్చి ఈ వెచ్చటి గదిలో తాడు కట్టి ఆరేస్తున్నాను, ఆ తడంతా ఎటు పోతుంది? ఇంత మంచి ప్రశ్నలు వేసుకున్న మనిషిని, మూల మీద కొట్టిన పలక వైపు మాత్రం తలెత్తి చూడలేదు.

ముందు దుప్పట్లు కిందికి తీసుకెళ్లాను. తర్వాత కుండీలు. ఒక్కొక్కటే మెట్లు దిగి మోసుకెళ్లి వాకిట్లో పెట్టాను. మల్లె కుండీ తీస్తుంటే "గదన్న ఉండనియ్యవే" అన్నాడు. వినలేదు. గిన్నెల్లో రాళ్ల ఉప్పు నింపి నాలుగు మూలలా పెట్టాను. రెండు రోజుల్లో ఉప్పు చెమర్చి నీళ్లయ్యేది, పారబోసి మళ్లీ నింపేదాన్ని. బొగ్గులు పెట్టాను. సున్నం పెట్టాను. ఆన్‌లైన్‌లో చూసి గాలిలో తేమ లాగే యంత్రం తెప్పించాను. అది రోజూ చిన్న బకెట్టు నిండా నీళ్లు పట్టేది. ఆ నీళ్లు పారబోసేటప్పుడల్లా ఏదో గెలిచినట్టు ఉండేది. మర్నాడు పొద్దున చూస్తే ఉత్తరపు అద్దం మళ్లీ తెల్లగా ఉండేది. మిగతా వైపుల్లో ఎండకు కొంతైనా ఆరేది. ఉత్తరం మీద ఎండ పడదు. ఆయన చూసేదేమో ఉత్తరం ఒక్కటే.

తలుపు తీసి ఉంచమని మీరు అంటారు. నేనూ తీశాను. వానకాలం దోమలు, తడి గాలి. చలికాలం వచ్చాక రెండు నిమిషాలు తీస్తే ఆయన పెదాలు నీలంగా మారేవి. ఏసీ పెడితే ఆ గాలికి కాళ్లు బిగుసుకుని కొయ్యబారేవి. గది ఎండను ఆపుతోంది, చలిని ఆపుతోంది, దాంతోపాటు మా ఇద్దరి ఊపిరినీ లోపలే ఆపుతోంది.

దీపావళి వెళ్లాక ఫ్రేము మూలల్లో నల్లటి చుక్కలు కనిపించాయి. బూజు. నిమ్మరసం, వెనిగర్, చివరికి బ్లీచింగు, అన్నీ రుద్దాను. తుడిస్తే పోయేది, వారానికి మళ్లీ వచ్చేది. మంచం తల వైపు, పలకల అతుకుల్లో కూడా వచ్చింది. ఆ వాసన నాకు అలవాటైపోయింది. బయటి నుంచి వచ్చినవాళ్లు ముక్కు చిట్లిస్తే కోపం వచ్చేది.

ఒక సాయంత్రం లైటు వేశాను. బయట మసక చీకటి, లోపల వెలుతురు. అప్పుడే తుడిచిన ఉత్తరపు అద్దంలో గది వెనక భాగమంతా ఆయనకు కనిపించింది. చాలాసేపు చూశాడు.

"ఖరాబైన ఫ్యానుకు పలక ఎందుకు కొట్టినవే?" అన్నాడు.

చెప్పాను. వదినె మాట, వాస్తు ఆయన తల ఊపడం, అన్నీ. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు.

"నేను వడ్డది నా కాలు జారి. దిక్కు జారి గాదు," అన్నాడు. "ఇను. వానల బస్సు ముంగటి అద్దానికి ఆవిరి వడ్తె ఏం జేస్తమో ఎరుకేనా? తంబాకు రుద్దుతం. ఆలుగడ్డ కోసి రుద్దెటోళ్లు గూడ ఉన్నరు. అది పది నిమిషాలు ఆగుతది. అసలు పని పక్క అద్దం జర దించుడు. యాభై మంది ఊపిరి బండ్ల ఉంటే యాడికి పోవాలె? తొవ్వ ఇయ్యాలె గద. ఆ బొక్క తెరువు."

"తెరుస్త," అన్నాను. తెరవలేదు. స్టూలు తెచ్చి మూలన వేసి, ఎక్కి, పలక మీద చెయ్యి పెట్టి దిగాను. ఈయనకు ఏదైనా అయితే, ఆ రంధ్రం తెరిచిన చెయ్యి నాదవుతుంది. మూసిన చెయ్యి కూడా నాదేనన్న సంగతి అప్పుడు తట్టలేదు. మర్నాడు కిరాణా కొట్లో తంబాకు కొనుక్కొచ్చి అద్దానికి రుద్దాను. ఆయన చెప్పినట్టే పది నిమిషాలు ఆగింది.

ఇంకోసారి అడిగాడు. ఇంకో వారానికి మళ్లీ అడిగాడు. అప్పటికి పుష్యమాసం, మంచు. నేను పొద్దున అయిదింటి నుంచి తుడుస్తూనే ఉన్నాను. పాత బనీను గుడ్డ పిండితే నీళ్లు కారుతున్నాయి, చేతులు పగిలాయి, తుడిచింది తుడిచినట్టే కప్పేస్తోంది. వెనక నుంచి ఆయన "బొక్క తెరువమంటె ఇనవు" అన్నాడు.

"నాకే నేర్పుతవా? ఇల్లు నడుపుడంటే బస్సు నడిపినట్టు గాదు!" అని అరిచాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. కదల్లేని మనిషితో అన్నాను. ఆయన ఆ తర్వాత రంధ్రం మాట ఎత్తలేదు. బస్సుల మాట కూడా ఎత్తలేదు. హారన్ వినిపించినా కళ్లు మూసుకునే ఉండేవాడు. చదువుకున్నదాన్నని, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినదాన్నని నాలో ఎంత పొగరు ఉందో ఆ ఒక్క మాటలో తెలిసింది. పోనీ ఆ పొగరైనా నిజమైనదైతే రంధ్రం తెరిచేదాన్ని. అటు సైన్సూ లేదు, ఇటు వాస్తూ లేదు, నడుమ ఉత్త భయం.

పది రోజుల్లో ఆయనకు దగ్గు మొదలైంది. దగ్గు అనకూడదు, గొంతులో గురగుర. బయటికి తోయడానికి ఛాతీలో బలం లేదు. ఒళ్లు కాలిపోతోంది, చెమట లేదు. మళ్లీ నలుగురు మనుషులు, మళ్లీ కుర్చీ, అవే మెట్లు. దవాఖానలో రెండు వారాలు ఉన్నాం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్నారు. గొంతులోకి గొట్టం వేసి తీశారు. ఒక దశలో సంతకం పెట్టమని కాగితం కూడా తెచ్చారు. పెట్టాను.

కొంచెం తేరుకున్నాక అక్కడి డాక్టరమ్మ ఆయన ఉండే గది ఎట్లా ఉంటుందని అడిగింది. నా ఫోన్‌లో ఫోటో ఉంది, చూపించాను. కుండీలు లేని గది, మూలల్లో నల్లటి మచ్చలు, తెల్లబడ్డ అద్దం. ఆమె ఫోటోను పెద్దది చేసి ఆ మచ్చలు చూసింది.

"ఈ బూజు గాలిలోనే పడుకున్నారా ఇన్ని నెలలు? గాలి పోయే దారి లేదా?" అంది.

"ఉండె," అన్నాను.

"ఇంకోసారి నిమ్ము చేరితే ఈయన తట్టుకోలేరమ్మా. పై గది వద్దు. మెట్ల మీద ఎత్తి మోయడం అసలే వద్దు. కింద, పొడిగా ఉన్న గదిలోనే ఉంచండి."

బాగు చేయిస్తాను, బూజంతా గీకిస్తాను, మళ్లీ తీసుకెళ్లొచ్చా అని బతిమాలాను. ఆమె విసుక్కోలేదు. వద్దని ఇంకోసారి మెల్లగా చెప్పింది. ఆడబిడ్డ దవాఖానకు వచ్చి తమ్ముడి పాదాల దగ్గర కూర్చుని ఏడ్చింది. నైరుతి మూసినా ఇట్లా ఎందుకైందో వాస్తు ఆయన్ని అడిగిందట. నీళ్ల సంపు ఆగ్నేయంలో ఉందని చెప్పాడట. నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు, ఆమెతో కలిసి ఏడ్చాను.

ఆయన్ని మళ్లీ నడిమి గదిలోకి తెచ్చాం. అదే ఫ్యాను కింద మంచం వేశాం. మర్నాడు పొద్దున నేను పైకి వెళ్లి స్టూలెక్కి కూరగాయల కత్తితో జిగురు కోశాను. పలక ముక్క ఊడి కింద పడింది. రంధ్రం లోంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. అద్దాల పని చేసినతణ్ని పిలిస్తే వచ్చి ఫ్యాను బిగించాడు. నేను చెప్పిన మాట నిజమైంది చూశారా అని అతను అనలేదు. అంటే బాగుండేది. "సార్‌కు ఎట్లుంది టీచర్?" అని మాత్రం అడిగాడు.

చలి ఇంకా పోలేదు. మూడో రోజు తెల్లవారి పైకి వెళ్లాను. మంచు కురిసిన పొద్దు, ఇదివరకైతే అద్దం మీద చేత్తో పేరు రాయొచ్చు. ఒక్క చుక్క లేదు. నేను ఒప్పుకోలేదు. ఖాళీ గది కాబట్టి ఆరిందేమో అనుకున్నాను. కిందికి వెళ్లి పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి తెచ్చి గది నడుమ పెట్టి, తలుపు మూసి, పక్కన కూర్చున్నాను. అద్దం తెల్లబడింది. పైన ఫ్యాను తిరుగుతోంది. కింది రంధ్రం లోంచి గాలి నా పాదాలకు తగులుతోంది. పావుగంటలో ముందు పై అంచు తేటపడింది, తర్వాత నడుమ, చివరికి కింద. మలుపు కనిపించింది. బస్సు ఒకటి లైట్లు వేసుకుని తిరిగింది. దాని వెనక చెరువు గట్టు. ప్రయోగం బ్రహ్మాండంగా వచ్చింది. చూపించడానికి గదిలో ఎవరూ లేరు. నేల మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను.

కిందికి వచ్చేసరికి ఆయన మేలుకుని ఉన్నాడు.

"పైకి పోయినవా?"

"అవ్."

"అద్దం ఎట్లుంది?"

తేటగా ఉందని చెప్తే తనను పైకి తీసుకుపొమ్మంటాడు. కుదరదని చెప్పాలి. ఎప్పటికీ కుదరదని చెప్పాలి. అంతకంటే పెద్ద సంగతి, ఇన్ని నెలలుగా కావలసింది ఒక్క కూరగాయల కత్తేనని ఆయనకు తెలుస్తుంది.

"గట్లనే ఉంది. తెల్లగ చెమ్మ వట్టింది. ఏం కనవడ్తలేదు," అన్నాను.

"ఊఁ" అన్నాడు. కొంచెం నెమ్మదించినట్టు అనిపించింది, లేదా నాకు అట్లా కావాలనిపించింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున అదే ప్రశ్న, అదే జవాబు. నేను పైకి వెళ్లి నేల తుడిచి, ఆయన మంచం ఉన్న చోట కాసేపు నిలబడి, మలుపు తిరిగే బస్సులు నాలుగైదు చూసి వచ్చేదాన్ని. కిందికి దిగుతూ జవాబు సిద్ధం చేసుకునేదాన్ని. శివరాత్రి వెళ్లింది, ఉగాది వెళ్లింది. వడగాడ్పులు మొదలయ్యాయి. నేను నా అబద్ధాన్ని మార్చాలన్న ఆలోచనే మరిచిపోయాను.

రోహిణి కార్తె వచ్చింది. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికే, ఆయన పడ్డాక పెట్టించిన మెట్ల రెయిలింగు పట్టుకోలేనంత కాలుతోంది. వాకిట్లో చల్లిన నీళ్లు చూస్తుండగానే ఆరిపోతున్నాయి. నేను పై నుంచి దిగి వచ్చేసరికి నా జాకెట్టు చెమటతో వీపుకు అంటుకుపోయింది. ఆయన నోట్లో చెంచాతో నీళ్లు పోస్తుంటే అడిగాడు.

"అద్దం ఎట్లుందే?"

"గట్లనే ఉంది. చెమ్మ వట్టి ఉంది. ఏం కనవడ్తలేదు."

చెంచా ఖాళీ అయ్యేదాకా ఆయన నా మొహం చూశాడు. పాతికేళ్లు ఈ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. ఏ నెలలో అద్దానికి తంబాకు రుద్దాలో, ఏ నెలలో అవసరమే లేదో ఆయనకు తెలియనిది కాదు.

"అవ్," అన్నాడు. "గీ కార్తెల గట్లనే వడ్తది."

మర్నాటి నుంచి అడగడం మానేశాడు.